ఆ జలపాతం మీంచి దూకిందెవరు

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, తెల్లచీర మడతపెట్టి, చేపల పులుసుతో అన్నం తిని, నేను గొరిల్లా సినిమా చూస్తాను. గొరిల్లా దొరక్కపోతే పాము. పాము కూడా దొరక్కపోతే ముసుగు దొంగ. ఈ మాట చెప్పినప్పుడు మనుషులు మొదట నవ్వుతారు. తర్వాత నేను నవ్వడం లేదని గమనించి ఇబ్బంది పడతారు. వాళ్ల ఇబ్బంది తగ్గించడానికి నా ఇష్టాన్ని చిన్నది చేసి చెప్పడం ఎప్పుడో మానేశాను.

నేను అనకాపల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నించి సాయంత్రం దాకా సూదులు, గాజు గొట్టాలు, మైక్రోస్కోపు. మిగిలిన టైములో ఎవరికీ గుర్తులేని పాత సినిమాలు వెతికి చూస్తాను. చూసినదాని గురించి ఫోన్ ముందు కూర్చుని మాట్లాడి, నా ఛానెల్లో పెడతాను. హిట్టయిన సినిమాల గురించి మాట్లాడను, వాటికి చాలామంది ఉన్నారు. వారం ఆడి పోయినవి, వారం కూడా ఆడనివి, ఏ భాషనుంచో డబ్బింగై వచ్చి మూడు పేర్లతో మూడు ఊళ్లలో తిరిగినవి, అట్టముక్కల కోటలు, దారం కట్టిన రబ్బరు పాములు, ఇవీ నావి.

ఇదంతా మా నాన్న దగ్గర మొదలైంది. బెల్లం మార్కెట్‌కి వెళ్లే దారిలో ఆయనకి వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. కొత్త సినిమాలన్నీ ఎదురు షాపుకి వెళ్లిపోయేవి. మాకు వచ్చేవి మిగిలినవి. అయినా నాన్న ప్రతి క్యాసెట్టూ ముందు తను చూసేవాడు. ఎవరైనా వచ్చి "ఎలాగుంది బావా?" అని అడిగితే అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. "కథ లేదు బావా. కానీ రెండో సగంలో ఒక కోతి ఉంది. ఆ కోతి కోసం పట్టుకెళ్లు" అనేవాడు. జనం నిజంగానే ఆ కోతి కోసం పట్టుకెళ్లేవారు. బడి నుంచి రాగానే నేను ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. సినిమాలో బాగున్నది ఏమిటో వెతకాలని, బాగోలేనిదాన్ని బాగుందని అనకూడదని ఆ షాపులోనే నేర్చుకున్నాను. నాన్న పోయాక షాపు తీసేశాం. క్యాసెట్లు మాత్రం ఒక ట్రంకు పెట్టె నిండా నా దగ్గరే ఉన్నాయి.

ఛానెల్ పెట్టిన కొత్తలో కింద రాసే మాటలు చదివి ఒళ్లు మండేది. "ఆంటీ, మీకు వేరే పనేం లేదా?" "ఆంటీ, వంట వీడియోలు పెట్టుకోండి." "వంట అయ్యాకే ఇది పెడుతున్నాను నాయనా" అని ఒకరికి జవాబిచ్చాను. తర్వాత జవాబులివ్వడం మానేసి ఇంకో వీడియో పెట్టేదాన్ని. అదే జవాబు.

మా చర్చిలో సంఘ పెద్ద ఒకాయన ఒకసారి నన్ను పక్కకి పిలిచి, "దేవుని బిడ్డవి. దెయ్యాల సినిమాల గురించి మాటాడ్డవేటమ్మా?" అన్నారు.

"బైబిల్లో దెయ్యాల్ని వెళ్లగొట్టిన కథలు మీరే కదండీ మాకు చెప్పేరు. ఈ సినిమాల్లో కూడా ఆఖరికి వెళ్లగొట్టేస్తారండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. నేనూ ఆయన్ని నవ్వించడానికి అనలేదు. పై వారం కూడా క్వయిర్‌లో నా చోట నేను నిలబడి పాడాను.

మా ఆయన లేత్ వర్క్‌షాపులో పనిచేస్తారు. ఇనుము కోసే మనిషికి దెయ్యాలంటే భయం. నేను సినిమా పెడితే వంటింట్లో కూర్చుని, "అయిపోయిందేటి?" అని కేకేస్తారు. అంతకుమించి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఇంక ఆ అడవి సినిమా సంగతి. నాన్న పెట్టెలో ఉన్న ఒక క్యాసెట్టుకి బూజు పట్టింది. విశాఖపట్నంలో పాత క్యాసెట్లు శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించే ఒక స్టూడియోకి ఇచ్చాను. బొమ్మ బాగానే వచ్చింది గానీ రంగు మొత్తం ఎర్రబారిపోయింది. సినిమా మొదట్లో వచ్చే పేర్లు ఎవరో ఎప్పుడో కత్తిరించేశారు. కథ పెద్దగా ఏం లేదు. అడవిలో పెరిగిన రాణి, ఆమె మెడలో ఒక మణి, దాని కోసం వచ్చిన వేటగాళ్లు, వాళ్లందరికంటే ముందు ఆమెని తరిమే ఒక గొరిల్లా. ఆ గొరిల్లా వీపు మీద జిప్పు స్పష్టంగా కనపడుతుంది. ఒక సీనులో సగం ఊడిపోయి కూడా ఉంది.

ఆఖర్లో రాణి పరిగెత్తుకుంటూ జలపాతం అంచుకి వస్తుంది. వెనక గొరిల్లా, ముందు లోయ. రాణి దూకేస్తుంది.

అక్కడ నేను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాను. దూకింది బొమ్మ కాదు. మనిషి. హీరోయిన్ కూడా కాదు. హీరోయిన్ పాదాలు ఎప్పుడూ రాయి తొక్కని పాదాలు. దూకిన మనిషి పాదాలు వెడల్పుగా, వేళ్లు విడివిడిగా, తడి బండని పట్టుకుని నిలబడ్డాయి. ఆమె దూకేముందు నడుం దగ్గర గుడ్డ బిగించి దోపుకుంది. తల తిప్పి పక్కకి ఒక్కసారి చూసింది. అప్పుడు, ఇంటి అరుగు మీంచి దిగినంత మామూలుగా, గాల్లోకి అడుగేసింది. కెమెరా ఎక్కడా ఆగకుండా ఆమెని నీళ్ల దాకా చూపించింది.

రివ్యూలో మిగతా సినిమా గురించి క్లుప్తంగా చెప్పి, ఆ దూకే సీను చూపించి, దాని గురించే ఎక్కువసేపు మాట్లాడాను. "ఈ కొండలు మన వైపు కొండల్లా ఉన్నాయి. ఈ దూకిన మనిషి పేరు నాకు కావాలి. ఆమెని చూసినవాళ్లు, ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి" అని ముగించాను. కొంతమంది గొరిల్లా జిప్పు మీద జోకులు రాశారు. నాకు కావలసిన మాట ఎవరూ రాయలేదు.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం ల్యాబు మూసే వేళకి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. రక్తం ఇవ్వడానికి వచ్చాడనుకుని కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఆ అడవి సినిమా వీడియో మీదేనా మేడమ్?"

"నాదే. చూసేరా?"

"దాన్ని తీసెయ్యాలి."

"ఎందుకండీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అందులో దూకింది మా అమ్మ."

నేను చేతి తొడుగులు తీసి పక్కన పెట్టాను.

ఆయనది కశింకోట. అక్కడికి దగ్గర్లో హైస్కూల్లో మాస్టారు. తోటి టీచర్లని ఇంటికి భోజనానికి పిలిచాడు. వాళ్లలో ఒకరు నవ్వుకోడానికని నా వీడియో ఫోన్లో పెట్టి అందరికీ చూపించారు.

"మా అమ్మ మజ్జిగ పోస్తా పోస్తా, ఫోన్లోకి వంగి చూసి, 'ఓలమ్మా, అది నానే' అనీసింది మేడమ్. అందరి ముందూ. చిరతపులి గుడ్డల్లో ఉన్న మనిషిని చూపించి, అది నానే అని. నేను రేపు స్కూల్లో తలెత్తుకుని ఎలా తిరగాలి?"

"వీడియో తీసెయ్యమని మీ అమ్మగారు అన్నారా?"

"ఆవిడకేటి తెలుసు? ఆవిడ తరఫున నేను చెప్తున్నాను."

"దూకింది ఆవిడ సార్. తియ్యమని ఆవిడ చెప్తే ఈ నిమిషంలో తీసేస్తాను. మీరు చెప్తే తియ్యను."

"మీరు చదువుకున్నవాళ్లు మేడమ్. మర్యాద తెలిసినవాళ్లని వచ్చేను."

"మర్యాద తెలుసు కాబట్టే ఆవిణ్ణి అడుగుతానంటున్నాను."

ఆయన తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయాడు. ల్యాబుకి తాళం వేస్తూ నేను ఒక్కటే అనుకున్నాను. ఆ మనిషి బతికే ఉంది, షేర్ ఆటో దూరంలో ఉంది.

ఆ ఆదివారం కశింకోట బయల్దేరుతుంటే మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "ఆ మేస్టారు తగువుకి వస్తే ఏటి చేస్తావు?" అన్నారు.

"వస్తే రానీండి."

"నన్ను రమ్మంటావా?"

"అక్కడ దెయ్యాలేం లేవండీ, నేనే వెళ్తాను" అన్నాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెరట్లో ఒక పెద్దావిడ గోనెపట్టా మీద మిరపకాయలు ఆరబోస్తోంది. చిన్న మనిషి. లేచి నడిచినప్పుడు ఒక పక్కకి ఒరుగుతోంది. నేను పాదాల వైపు చూశాను. ఆ పాదాలే. ఇంకెవరినీ అడగక్కర్లేకపోయింది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఫోన్లో మాటాడే గుంటవి నువ్వేనేటి? ఇంత పొట్టిగున్నావేటి?" అంది.

"ఫోన్లో కూర్చుని మాట్లాడతాను కదా మామ్మా, తెలీదు."

ఆవిడ నవ్వింది. మాస్టారు లోపల్నించి వచ్చి నన్ను చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ మిరపకాయలు పక్కకి జరిపి నన్ను కూర్చోమని, అడగక ముందే మొదలుపెట్టింది.

"మాది నాతవరం అవతల, కొండ మీద. సినిమావోళ్లు వొచ్చి అక్కడ డేరాలేసుకున్నారు. నాను వోళ్లకి నీల్లు మోసీదాన్ని. మద్రాసు నుంచి ఒకమ్మిని తెచ్చేరు, దూకడానికని. ఆ నీల్లు సూసి ఆ యమ్మి ఒకటే ఏడుపు. నాకు నవ్వొచ్చింది. మేం రోజూ దూకీ సోటే కదా అది. నాను దూకుతానన్నాను. ముందు నమ్మలేదు. అప్పుడు బిందె కింద పెట్టి, సూపించీసేను."

"కెమెరా లేకుండానా?"

"కెమెరా లేదు, ఏటీ లేదు. దూకి, ఈదుకుంటా వొచ్చి, బిందెత్తుకుని ఎలిపోతంటే, అప్పుడు ఎనకాతల పరిగెత్తుకొచ్చేరు."

"మరి సినిమాలో దూకేముందు పక్కకి చూశారు. ఎవరిని?"

ఆవిడ నాకేసి తిరిగింది. "అది కూడా సూసేవేటి? మాయమ్మని. గట్టు మీద నిలబడి, వొద్దే, సచ్చిపోతావే అని అరిసింది. నీల్ల సప్పుడికి ఎవులికీ ఇనపడలేదు. నాకు నోరు ఆడ్డం కనపడింది. నాను రోజూ దూకుతానని మాయమ్మకి తెల్దు."

తర్వాత సినిమావాళ్లు ఆమెని మద్రాసు తీసుకెళ్లారు. కొన్నేళ్లు హీరోయిన్ల బదులు మేడల మీంచి, రైళ్ల మీంచి దూకింది, మంటల్లోంచి పరిగెత్తింది. ఒక సినిమాలో గుర్రం మీంచి పడి నడుం విరిగింది. మంచం మీద ఉండగా కంపెనీవాళ్లు ఎవరూ చూడ్డానికి రాలేదు. తిరిగొచ్చి కశింకోటలో చెరకు రైతుని పెళ్లి చేసుకుంది. భర్తకి మొత్తం తెలుసు. కొడుక్కి చెప్పలేదు.

గుమ్మం దగ్గర్నించి మాస్టారు మొదటిసారి మాట్లాడాడు. "ఇదంతా నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడిగేవేటి? మద్రాసులో ఏటి సేసేవే అంటే పని సేసేనని సెప్పేను. అబద్దవేటి?"

నేను ఇంకో సంగతి అడిగాను. "ఆ గొరిల్లా వేషం వేసింది ఎవరు మామ్మా? ఆయన కూడా బాగా చేశారు."

"ఆయనెవుడు? అదీ నానే."

"అదేంటి, గొరిల్లా రాణిని కదా తరుముతుంది!"

"రాణి మొకం కనపడినప్పుడు ఆ హీరోయినమ్మ, ఎనకాల తోలు తొడుక్కుని నాను. రాణి దూకినప్పుడు రాణి నాను. నన్ను నానే తరుంకున్నాను." ఇలా అని, మిరపకాయ ముచిక తుంచుతూ ఎంతసేపు నవ్విందో. నేనూ నవ్వాను. నా ఛానెల్లో అన్ని సినిమాల గురించి మాట్లాడాను గానీ ఇంత మంచి మాట నాకు ఎక్కడా దొరకలేదు.

అప్పుడు అడగాల్సింది అడిగాను. "మామ్మా, ఆ వీడియో తీసెయ్యమంటారా? మీరు తియ్యమంటే తీసేస్తాను."

మాస్టారు తల్లి వైపు చూశాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

"తీసెయ్యడవేటి? నాను మల్లీ దూకలేను కదే. ఉండనీ. పేరు తెల్దన్నావు కదా, నా పేరెట్టు. మాయమ్మ పేరు కూడా ఎట్టు."

మాస్టారు లోపలికి వెళ్లిపోయాడు. నేను ఆ రోజే పేర్లు పెట్టాను. ఆ వీడియో కింద మొదటి వరసలో రెండు పేర్లూ ఉన్నాయి, కూతురిదీ తల్లిదీ. ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఆవిడ అడిగింది అక్కడ పెట్టమని.

లేచి వస్తుంటే ఆవిడ ఇంకో మాట అంది. ఆ సినిమా తను ఎప్పుడూ చూడలేదట. అది ఆడిన వారంలో మద్రాసులో ఇంకో షూటింగులో ఉంది. "సిన్న ఫోన్లో సీవంత కనపడుతున్నాను. పెద్ద తెర మీద సూడాలనుంది" అంది.

పెద్ద తెర అనగానే నాకు విశాఖపట్నంలో ఒక సినిమా క్లబ్బు గుర్తొచ్చింది. దాన్ని నడిపే అబ్బాయి అంతకుముందే నన్ను అడిగాడు. చెత్త సినిమాలు వేసుకుని అందరూ కలిసి నవ్వుకునే కార్యక్రమం పెడుతున్నామని, నా దగ్గరున్న "ఆణిముత్యం" ఒకటి పట్టుకు రమ్మని. అప్పుడు రానని చెప్పాను. ఇప్పుడు నేనే ఫోన్ చేశాను.

"వస్తాను. కానీ సినిమాకి ముందు నేను మాట్లాడతాను."

"మాట్లాడండి మేడమ్. కానీ జనం నవ్వుకోడానికే వస్తారు, మీరేమీ అనుకోకూడదు."

"నేను అనుకుంటాను" అన్నాను. అయినా ఒప్పుకున్నాడు.

వాళ్లు వేసిన పోస్టర్‌లో మా గొరిల్లాకి జోకర్ ముక్కు పెట్టారు. దాన్ని తీసెయ్యమని రాశాను. తియ్యలేదు. సరే, ఎలాగూ వెళ్తున్నాం కదా అని మామ్మని తీసుకుని బస్సెక్కాను. మా ఆయన వచ్చారు, ఇందులో దెయ్యం లేదని మూడుసార్లు నాచేత చెప్పించుకుని. బస్సు బయల్దేరబోతుండగా మాస్టారు పరిగెత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. తల్లిని ఒంటరిగా పంపడం ఇష్టం లేక వచ్చానని అన్నాడు. ఎవరూ అడగలేదు.

అది చిన్న హాలు. వచ్చినవాళ్లంతా కుర్రకారు, కంప్యూటరు ఉద్యోగాలు చేసేవాళ్లు, కాలేజీవాళ్లు. మామ్మని మొదటి వరసలో కూర్చోబెట్టాను. ఆవిడెవరో ఎవరికీ చెప్పలేదు, సినిమా అయ్యాక చెబుదామని. నేను ముందుకెళ్లి, ఈ సినిమా మన కొండల్లో తీశారని, ఇందులో ఒక గొప్ప సాహసం ఉందని, దాని కోసం ఓపిగ్గా చూడమని చెప్పాను. "గొప్ప సాహసం" అన్నప్పుడే కొందరు కిసుక్కున నవ్వారు.

సినిమా మొదలైంది. ఎర్రబారిన రంగుకి నవ్వారు. డైలాగులకి నవ్వారు. గొరిల్లా వచ్చి, వీపు తిప్పి, జిప్పు కనపడగానే హాలు హాలంతా గోల. ఒకడు లేచి గొరిల్లాలా నడిచి చూపించాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. లేచి, నేరుగా వెళ్లి, కంప్యూటరు దగ్గర సినిమా ఆపేసి లైట్లు వెయ్యమన్నాను.

"నవ్వండి. కానీ ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలుసుకుని నవ్వండి. ఆ తోలు లోపలున్న మనిషి ఇక్కడే ఉంది. మొదటి వరసలో కూర్చుంది" అన్నాను.

అందరూ మెడలు చాచి మొదటి వరస కేసి చూశారు. వాళ్లు సిగ్గుపడుతున్నారని నాకు లోలోపల తృప్తిగా అనిపించింది. అప్పుడు మామ్మ వెనక్కి తిరిగి నా మీద విరుచుకుపడింది.

"ఎందుకాపేవే? అంత బాగా నవ్వుతా ఉంటే! నాకూ నవ్వొత్తంది. మేం తీసినప్పుడు కూడా ఆ జిప్పుకి పడీపడీ నవ్వుకున్నాం. ఎయ్యి, ఎయ్యి."

ఇంక ఎవరు ఆగుతారు? హాలు పగిలిపోయేలా నవ్వారు. నేను లైట్లు తీయించి, సినిమా మళ్లీ వేసి, వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ తరఫున పోట్లాడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆవిడకి నా పోట్లాట అక్కర్లేదు. నాకు కావాలి, అందుకే పోట్లాడాను. అది ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు, ఇప్పటికీ ఎవరైనా వెక్కిరిస్తే పోట్లాడతాను.

అక్కణ్ణించి మామ్మ ఊరుకోలేదు. "ఆ సెట్టు అట్టముక్క, కాలు తగిల్తే పడిపోయింది." "ఆ పాముని లాగింది మా మేకప్పాయన." పక్క వరసలవాళ్లు తెర మానేసి ఆవిడకేసే వంగి వింటున్నారు. నవ్వు తగ్గలేదు గానీ వేరేగా వినిపించింది.

జలపాతం వచ్చింది. తెర మీద ఆ పిల్ల బండ మీద నిలబడి, గుడ్డ దోపుకుని, పక్కకి చూసింది. నా పక్కన మామ్మ ముందుకి వంగింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. తెర మీద పిల్ల అడుగేసింది. ఫోన్లో తెలియలేదు గానీ, అంత పెద్ద తెర మీద అది ఎంత లోతో తెలిసింది. ఎవరూ నవ్వలేదు. ఆమె నీళ్లలో పడి, పైకి తేలి, ఊపిరి పీల్చేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు. వెనకనించి ఎవరో ఈలేశారు. తర్వాత "మళ్లీ! మళ్లీ వెయ్యండి!" అని కేకలు. మళ్లీ వేశారు. నేను వెనక్కి తిరిగి చూస్తే మాస్టారు తన సీట్లో లేడు. గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ చీకట్లో మొహం కనపడలేదు.

"మాయమ్మ సూసుంటే బాగుణ్ణు" అంది మామ్మ నెమ్మదిగా. "మల్లీ తిట్టీదనుకో."

సినిమా అయ్యాక క్లబ్బు అబ్బాయి ఆవిడకి మైకిచ్చాడు. ఒకతను లేచి, చాలా మర్యాదగానే, "ఇలాంటి సినిమాల్లో చేసినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అండీ?" అని అడిగాడు.

ఆవిడ ఆలోచించింది. "నడుం ఇరిగినప్పుడు బాదపడ్డాను బాబూ. సినిమాకి ఎందుకు బాదపడతాను?" అని మైకు తిరిగిచ్చేసింది.

తిరుగు బస్సులో మాస్టారు మా వెనక సీట్లో కూర్చున్నాడు. అనకాపల్లి దగ్గర పడుతుండగా, "స్కూల్లో పిల్లలు అడిగితే ఏటి చెప్పాలో తెలీడం లేదు" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

"మా అమ్మే అని సెప్పు. అంతకంటే ఏటి సెప్తావు?" అంది తల్లి.

ఆయన మారిపోయాడని రాయలేను. నా ఛానెల్ ఆయన చూడడు. కానీ అప్పట్నించి ఆదివారాలు తల్లిని బండి మీద మా ఇంటి దగ్గర దింపి వెళ్తాడు. లోపలికి రాడు.

మామ్మా నేనూ కలిసి చాలా సినిమాలు చూశాం. ఒకరోజు ఆవిడ గుర్రం మీంచి పడిన సినిమా నాకు దొరికింది. ఇద్దరం చూశాం. సినిమా బాగోలేదు. కథ సంగతి వదిలేసినా, గుర్రాన్ని పడగొట్టడానికి కాళ్లకి తీగ కట్టినట్టు తెలిసిపోతోంది. దాంతోపాటు పడ్డ మనిషిని చూపించకుండా కోసేశారు. రివ్యూలో అదే చెప్పాను. ఇది చెడ్డ సినిమా, తీసినవాళ్లకి గుర్రం మీదా దయ లేదు, మనిషి మీదా దయ లేదు అన్నాను.

అది విని మామ్మకి కోపమొచ్చింది. "నా నడుం పోయింది ఆ సినిమాకి. దాన్ని పట్టుకుని సెడ్డ సినిమా అంతావా?"

"మీ నడుం పోయిందనే చెడ్డదంటున్నాను మామ్మా."

"నీకేటి తెల్సు? నువ్వెక్కేవేటి ఆ గుర్రం?" అని లేచి, కొడుక్కి ఫోన్ చేయించుకుని వెళ్లిపోయింది. తర్వాత చాలా ఆదివారాలు రాలేదు.

"పెద్దావిడ మనసు కష్టపెట్టుకుంది. ఆ ఒక్క వీడియో తీసెయ్యరాదేటే?" అన్నారు మా ఆయన.

తియ్యలేదు. కొడుకు అడిగితే తియ్యలేదు, చర్చి పెద్ద తప్పుపడితే మానలేదు. ఆవిడంటే ఎంతో ఇష్టం గనక ఆవిడ కోసం అబద్ధం చెప్పలేను. ఆ ఆదివారాలు ఇల్లు బోసిగా ఉండేది. సినిమా పెట్టి సగంలో ఆపేసేదాన్ని. అయినా తియ్యలేదు.

ఒక మధ్యాహ్నం వీధిలో బండి ఆగింది. మామ్మ లోపలికి వచ్చి, పలకరించకుండా, నేను రికార్డు చేసే కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది.

"నీ ముక్క నువ్వు సెప్పీసేవు. ఇప్పుడు నా ముక్క నాను సెప్తాను. ఎట్టు ఆ ఫోను."

ఫోన్ స్టాండుకి పెట్టి ఆన్ చేశాను. ఆవిడ ఆ సినిమా గురించి మాట్లాడింది. గుర్రం పేరు చెప్పింది. అది తన చేతిలో బెల్లం ఎలా తినేదో చెప్పింది. తీగ కట్టమన్న ఫైట్ మాస్టర్ని, నేను నా ఛానెల్లో ఎప్పుడూ వాడని మాటలతో తిట్టింది. పడ్డాక గుర్రం లేచిందనీ, తను లేవలేకపోయిందనీ చెప్పింది. అంత చెప్పి, నా వైపు వేలు చూపించి, "ఈ గుంట బాగోలేదంది. నాను బాగుందంతాను. ఆ గుర్రం ఎంత బాగా పరిగెత్తిందో మీరే సూడండి" అని ముగించింది.

ఒక్క మాట కూడా కత్తిరించకుండా ఛానెల్లో పెట్టాను. తిట్లు ఉన్నాయని కొందరు గొడవ చేశారు. చర్చి పెద్ద నాతో మాట్లాడటం మానేశారు. నా రివ్యూ పైన, ఆవిడ రివ్యూ కింద, రెండూ అక్కడే ఉన్నాయి. ఒకటి తప్పని రెండోది అంటూనే ఉంటుంది. ఏదీ తీసేది లేదు.